ఫ్రీస్టైల్‌లో ఎంత టైమ్ వస్తే మంచి టైమ్? కావలి నుంచి ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న క్లుప్తంగా. కావలి నుంచి ఒకరు అడిగారు: "మావాడికి పన్నెండేళ్లు. రెండేళ్లుగా ఈత నేర్చుకుంటున్నాడు, ఆదివారాలు నెల్లూరు తీసుకొస్తున్నాను. 25 మీటర్ల పూల్‌లో 50 మీటర్లు 41 సెకన్లు, 100 మీటర్లు 1:38. నెట్‌లో చూస్తే ఎవరో 50ని 17 సెకన్లలో ఈదేశారు! మావాడు అసలు ఎక్కడున్నట్టు? జిల్లా, రాష్ట్ర పోటీలకు ఎంత రావాలి? నాకు నలభై. 25 మీటర్లు 35 సెకన్లలో వెళ్తాను, అవతలి గోడ పట్టుకుని రెండు నిమిషాలు ఆయాసపడతాను. మామూలు మనిషి స్పీడ్ ఎంతుంటుంది?"

చాలా ఏళ్లుగా పిల్లలకు ఈత నేర్పుతున్నాను, పోటీల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని గోడ దగ్గర నిలబడుతున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

మీ అబ్బాయి 41 సెకన్లు చూసి దిగులు పడక్కర్లేదు. నేను చూసేది ఆ 41 కాదు, 41కీ 98కీ మధ్య ఉన్న తేడా. 50ని 41లో ఈదే పిల్లాడు అదే ఊపులో వెళ్తే 100కి 82 సెకన్లు. అలా ఎవరూ వెళ్లలేరు, నాలుగైదు సెకన్లు పెరగడం సహజం, కొత్తవాళ్లయితే ఏడెనిమిది. మీవాడికి 16 పెరుగుతున్నాయి. అంటే మొదటి 50లో ఒళ్లంతా ఖర్చుపెట్టేసి, రెండో 50 ఎలాగోలా లాక్కొస్తున్నాడు. వాడి సమస్య స్పీడ్ కాదు, స్పీడ్ నిలవకపోవడం. పోల్చుకోడానికి ఒకటి చెప్తాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన పాన్ జాన్లే 100 మీటర్లు 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు పెట్టాడు. మొదటి 50కి 22.28, రెండో 50కి 24.12. తేడా రెండు సెకన్లు కూడా లేదు. అందులోనూ మొదటి సగానికి డైవ్ లాభం ఉంది.

కాబట్టి ఇకనుంచి 100కి ఒకటే టైమ్ రాయకండి. వాచ్‌లో ల్యాప్ బటన్ నొక్కి రెండు సగాలూ విడిగా రాయండి.

అయితే ఈ లెక్కలు వేసే ముందు మీ 41 నిజంగా 41 అవునో కాదో తేల్చుకోవాలి. మొదట పూల్ పొడవు. బోర్డు మీద 25 మీటర్లు అని రాసిన పూల్స్‌లో 22, 23 మీటర్లవి నేను చూశాను. రిసార్టుల్లో, అపార్ట్‌మెంట్లలో కట్టినవైతే చెప్పనే అక్కర్లేదు. తాపీమేస్త్రి దగ్గర 30 మీటర్ల టేపు దొరుకుతుంది, ఒకసారి తీసుకెళ్లి గోడ నుంచి గోడకు కొలవండి. రెండు మీటర్లు తక్కువైతే 50కి నాలుగు మీటర్లు తగ్గినట్టే, మీవాడి స్పీడుకి అది మూడు సెకన్లకు పైనే.

తర్వాత వాచ్. మీరు ఫినిష్ గోడ దగ్గర నిలబడి, అవతలి ఒడ్డున కోచ్ విజిల్ వినపడగానే బటన్ నొక్కుతారు కదా. శబ్దం 25 మీటర్లు రావడానికే 0.07 సెకను పడుతుంది, మీ వేలు కదలడానికి ఇంకొంత. ఫినిష్ అలా కాదు, పిల్లాడు వస్తుండటం కనపడుతూనే ఉంటుంది కాబట్టి వేలు ముందే సిద్ధంగా ఉంటుంది. అందుకే చేతి వాచ్ టైమ్ ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది. తండ్రి చేతిలో ఉంటే మరికాస్త తక్కువ! చెయ్యి తగలగానే టైమ్ ఆపే టచ్‌ప్యాడ్‌లు గోడకున్న పూల్‌కి వెళ్లగానే "మావాడి టైమ్ పెరిగిపోయింది" అని తల్లిదండ్రులు టెన్షన్ పడటం ప్రతి మీట్‌లోనూ చూస్తాను.

మూడోది స్టార్ట్. బ్లాక్ మీద నుంచి డైవ్ చేశాడా, నీళ్లలో గోడ తన్ని బయల్దేరాడా? డైవ్ బాగా వచ్చిన పిల్లాడికి సెకనున్నర దాకా లాభం. డైవ్ చేసి పొట్ట పగిలేలా పడేవాడికి లాభం లేదు, ఒక్కోసారి నష్టమే. పెద్దవాళ్లలోనూ స్టార్ట్ విలువ ఎంతంటే, అదే పారిస్‌లో రిలే చివరి వంతులో పాన్ జాన్లే 45.92 ఈదాడు. రిలేలో ముందువాడు వస్తుండటం చూసుకుని దూకొచ్చు, గన్ కోసం ఆగక్కర్లేదు. అందుకే ఆ టైమ్‌ని విడిగా రికార్డుగా లెక్కించరు.

పోటీలు రెండు రకాల పూల్స్‌లో జరుగుతాయి, 50 మీటర్లది లాంగ్ కోర్స్, 25 మీటర్లది షార్ట్ కోర్స్. షార్ట్ కోర్స్‌లో గోడలెక్కువ, గోడ తన్నిన ప్రతిసారీ ఉచితంగా స్పీడ్ వస్తుంది. అందుకే 100కి అక్కడి రికార్డు 2021లోనే 44.84కి దిగింది, ఆస్ట్రేలియాకు చెందిన కైల్ చామర్స్‌ది. మీ అబ్బాయి 25 పూల్‌లో 41 అంటే 50 పూల్‌లో 42, 43 అనుకోండి. టర్న్ సరిగ్గా రాని పిల్లలకు ఈ తేడా తక్కువ, ఎందుకంటే వాళ్లు గోడ దగ్గర లాభం తీసుకోరు. ఆగి, ఊపిరి పీల్చుకుని, కళ్లద్దాలు సర్దుకుని బయల్దేరతారు.

మీరు చూసిన 17 సెకన్ల వీడియో అమెరికా కాలేజీ పోటీలది అయ్యుంటుంది. వాళ్లు 25 గజాల పూల్‌లో ఈదుతారు. 50 గజాలంటే 45.72 మీటర్లే. 2018లో కాలెబ్ డ్రెసెల్ 17.63 చేసింది ఆ గజాల పూల్‌లోనే. దాన్ని మన మీటర్లతో పోల్చకూడదు.

50 మీటర్ల పూల్‌లో అసలు అంకెలు ఇవీ. బ్రెజిల్ ఈతగాడు సీజర్ సియెలో 2009లో 50ని 20.91లో ముగించాడు, పదిహేనేళ్లకు పైగా దాన్ని ఎవరూ దాటలేకపోయారు. 200కి జర్మనీ వాడు పాల్ బీడర్‌మన్ 1:42.00, అదీ 2009దే. ఆ ఏడాది ఒంటికి అతుక్కుపోయి నీళ్లలో తేల్చే పాలీయురేథేన్ సూట్లు వేసుకుని ఈదారు. 2010 నుంచి వాటిని నిషేధించారు. ఆ అంకెల్లో కొంత సూట్‌ది కూడా ఉందని గుర్తుంచుకోవాలి. 400కి లూకాస్ మార్టెన్స్ 2025లో 3:39.96 చేసి మొదటిసారి 3:40 కిందికి వెళ్లాడు. 1500కి బాబీ ఫింక్ పారిస్‌లో 14:30.67. ఆడవాళ్లలో 50కి సారా షోస్ట్రమ్ 23.61 (2023), 100కి ఆమెదే 51.71 (2017), 1500కి కేటీ లెడెకీ 15:20.48 (2018).

స్పీడ్‌లోకి మారిస్తే సియెలోది గంటకు దాదాపు 8.6 కిలోమీటర్లు, పాన్‌ది 7.8, ఫింక్‌ది 6.2. లెడెకీది ఆరుకి కాస్త తక్కువ. పొద్దున్నే డాక్టర్ చెప్పాడని గబగబా వాకింగ్ చేసేవాళ్ల స్పీడ్ కూడా అంతే ఉంటుంది! నీళ్లలో మనిషి గతి అది. మీ అబ్బాయి 50ని గంటకు 4.4 కిలోమీటర్ల స్పీడుతో ఈదుతున్నాడు, ప్రపంచ రికార్డులో సగం. పన్నెండేళ్ల పిల్లాడికి అది చిన్న సంగతి కాదు.

ఒక లెక్క నాకు చాలా ఇష్టం. 100 మీటర్లను నిమిషం లోపు మొదట ఈదింది జానీ వైస్‌ముల్లర్, 1922లో, 58.6 సెకన్లు. అప్పుడు అదో అద్భుతం. కళ్లద్దాలు లేవు, గోడ దగ్గర పల్టీ కొట్టి తిరిగే ఫ్లిప్ టర్న్ లేదు. ఫింక్ 1500 టైమ్‌ని పదిహేనుతో భాగించి చూడండి. ఒక్కో 100కి 58.04 వస్తుంది. వందేళ్ల కిందటి ఆ అద్భుతాన్ని ఫింక్ ఆగకుండా పదిహేనుసార్లు వరసగా చేశాడన్నమాట.

ఇంత తేడా బలంతో రాలేదు. నీళ్లు గాలికంటే దాదాపు ఎనిమిది వందల రెట్లు చిక్కన. స్పీడ్ పెంచితే నీటి నిరోధం ఆ స్పీడు వర్గం లెక్కన పెరుగుతుంది, దానికి కావలసిన పవర్ ఘనం లెక్కన పెరుగుతుంది. పది శాతం స్పీడ్ కావాలంటే 33 శాతం ఎక్కువ పవర్, రెట్టింపు స్పీడ్ కావాలంటే ఎనిమిది రెట్లు. కండలు పెంచి ఎనిమిది రెట్లు ఎవరూ తేలేరు. ఒంటిని సన్నగా, అడ్డంగా, నీటి పైపైన పెట్టి నిరోధాన్ని తగ్గించుకోవడమే దారి. మన పిల్లలు పూల్‌కి రాగానే చేసేది దీనికి సరిగ్గా తిరుగు: చేతులు ఇంకా గట్టిగా కొడతారు, కాళ్లు ఇంకా గట్టిగా తన్నుతారు, తల మాత్రం పైకే ఉంటుంది.

ఆ తల గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన వైపు, ముఖ్యంగా మెట్ట ప్రాంతాల్లో, ఉదయగిరి, వింజమూరు, కనిగిరి అటు, చాలామంది బావిలో నేర్చుకున్నవాళ్లే. నడుముకి బెండో ట్యూబో కట్టి నెట్టేస్తే వచ్చిన ఈత. ఆ ఈతలో ధైర్యం ఉంటుంది, నీళ్లంటే భయం ఉండదు, కోచ్‌కి సగం పని తగ్గుతుంది. కానీ బావిలో అవతలివాడు మీద దూకుతాడేమో చూసుకోవాలి కాబట్టి తల పైకెత్తి బారలు వేయడం అలవాటైపోతుంది. తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే కాళ్లు మునుగుతాయి. ఇక ఎంత బలంగా బార వేసినా బ్రేకు నొక్కిపట్టి ఎక్సలేటర్ తిప్పినట్టే. మీరు కూడా అలా నేర్చుకున్నవారే అనిపిస్తోంది. 25 మీటర్లకే గోడ పట్టుకుంటున్నారంటే దాదాపు ఇదే కారణం.

మీ 35 సెకన్లు 100కి 2:20 లెక్క. నలభై ఏళ్ల వయసులో సరదాగా ఈదేవాళ్లకు అది మంచిదే, నిలబెట్టుకోగలిగితే. నేను చూసినంతలో, కొత్తగా నేర్చుకున్న పెద్దవాళ్లు 100ని రెండున్నర నుంచి మూడు నిమిషాల్లో ఈదుతారు. వారానికి మూడు రోజులు క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు రెండు నిమిషాలకు అటూ ఇటూ. కోచ్ కింద ఏడాది రెండేళ్లు చేసినవాళ్లు 1:40 దగ్గరికొస్తారు. చిన్నప్పుడు పోటీల్లో ఈది మళ్లీ పూల్‌కి వచ్చినవాళ్లు 1:20 ఈది మనల్ని సిగ్గుపడేలా చేస్తారు. మామూలు మనిషి అంటే నా దృష్టిలో రెండు నిమిషాల మనిషి, గంటకు మూడు కిలోమీటర్లు.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈక్వటోరియల్ గినీ నుంచి ఎరిక్ ముసాంబానీ అనే అతను 100 ఫ్రీస్టైల్ ఈదాడు. ఆ ఏడాదే ఈత మొదలుపెట్టిన మనిషి, సాధన ఎక్కువగా ఒక హోటల్‌లోని చిన్న పూల్‌లో. హీట్‌లో, అంటే తొలి రౌండ్ రేసులో, మిగతా ఇద్దరూ సిగ్నల్ కంటే ముందే కదిలి ఫాల్స్ స్టార్ట్‌తో వెళ్లిపోతే ఒక్కడే ఈదాడు. మొదటి 50 బాగానే వెళ్లాడు, రెండో 50లో మునిగిపోతాడేమో అని స్టేడియం అంతా భయపడింది. టైమ్ 1:52.72. అదే పోటీ సెమీఫైనల్లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్‌డెన్ హూగెన్‌బాండ్ 47.84తో ప్రపంచ రికార్డు పెట్టాడు. ముసాంబానీని చూసి జనం నవ్వుకున్నారు కానీ, ఆ 1:52 ఈదే పెద్దవాళ్లు మన పూల్స్‌లో ఎంతమంది ఉన్నారో రేపు పొద్దున వెళ్లి చూడండి.

మీకు నా సలహా: 25ని 35లో కాదు, 45లో ఈదండి. చూపు పూల్ అడుగున ఉన్న నల్లగీత మీద ఉంచండి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు వదలండి, తల పక్కకు తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే జరగాలి. ఆయాసం చాలామందికి గాలి చాలక కాదు, లోపలి గాలి వదలకుండా బిగబట్టడం వల్ల వస్తుంది. 25కి ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కపెట్టండి. 30 పడుతుంటే టైమ్ మర్చిపోయి దాన్ని 24కి తెచ్చే పని చూడండి. 400 ఆగకుండా ఈదగలిగే రోజు వచ్చాక ఒక పరీక్ష ఉంది. ఒకరోజు 400, బాగా విశ్రాంతి తీసుకుని 200, రెండూ మీకు వీలైనంత గట్టిగా. 400 టైమ్‌లోంచి 200 టైమ్ తీసేసి, వచ్చినదాన్ని సగం చేయండి. 400 ఎనిమిది నిమిషాలు, 200 మూడు నిమిషాల 44 సెకన్లు అనుకుందాం. తేడా 4:16, సగం 2:08. 100కి ఆ 2:08 మీరు చాలాసేపు నిలబెట్టగలిగే పేస్. రోజువారీ సాధన దాని చుట్టూ పెట్టుకోవాలి. మీ అబ్బాయికి కూడా ఇదే పరీక్ష పెట్టండి, వాడి 16 సెకన్ల జబ్బుకి మందు ఇక్కడే ఉంది. 8 సార్లు 50, ప్రతిదీ 48 సెకన్లలో, మధ్యలో 20 సెకన్ల విశ్రాంతి. మొదటిది 42లో ఈదేసి చివరిది 55లో తెస్తే ఆ రోజు పని జరగనట్టే.

జిల్లా పోటీలకు ఎంత రావాలన్నది ఆ రోజు ఎవరొస్తారన్న దాని మీదే ఉంటుంది. 41తో పతకం వచ్చిన సందర్భాలూ ఉంటాయి, ఆరో స్థానం వచ్చినవీ ఉంటాయి. రాష్ట్ర స్థాయిలో ఆ వయసు అబ్బాయిల్లో పతకం దగ్గరికి వచ్చేవాళ్లు 50ని 30 సెకన్ల దరిదాపుల్లో, 100ని 1:05, 1:10 మధ్య ఈదుతారని నా అంచనా. జాతీయ స్థాయిలో 100కి నిమిషం దగ్గరికి రావాలి. కచ్చితంగా కావాలంటే కిందటేడాది ఫలితాల షీట్ అడిగి తీసుకోండి, మీవాడి గ్రూప్‌లో ఎనిమిదో స్థానం టైమ్ చూడండి, మొదటి స్థానంది కాదు. పన్నెండేళ్లకు మీసం వచ్చినవాడూ, ఇంకా నాలుగున్నర అడుగులే ఉన్నవాడూ ఒకే హీట్‌లో నిలబడతారు. ఆ వయసు ర్యాంకులను నేను పెద్దగా పట్టించుకోను. పద్నాలుగు, పదిహేనులో ఒళ్లు సాగినప్పుడు, బార సరిగ్గా వేసేవాడికి టైమ్ తనంతట తానే తగ్గుతుంది.

రూల్స్‌లో రెండు మూడు చెప్పి పంపండి. ఫ్రీస్టైల్‌లో ప్రతి లెంగ్త్ చివరా గోడ ముట్టాలి, టర్న్‌లో కాలు తగిలినా చాలు. స్టార్ట్ తర్వాతా, టర్న్ తర్వాతా 15 మీటర్ల లోపు తల పైకి రావాలి. అలసిపోతే అడుగున నిలబడొచ్చు కానీ ఒక్క అడుగు నడిచినా డిస్‌క్వాలిఫై. లేన్ తాడు పట్టి లాగినా అంతే. లోతు తక్కువ పూల్స్‌లో పిల్లలు ఈ రెండింటికే ఎక్కువగా దొరికిపోతారు.

ఫినిష్ కూడా ప్రాక్టీస్ చేయించండి. 2018 ఆసియా క్రీడల్లో మన దేశపు ఈతగాడు వీర్ధవల్ ఖాడే 50 ఫ్రీస్టైల్ ఫైనల్ 22.47లో ఈదాడు. కంచు పతకం 22.46కి పోయింది. ఆ స్పీడ్‌లో 0.01 సెకను అంటే రెండు సెంటీమీటర్ల పైచిలుకు. అంతకుముందు హీట్స్‌లో తను 22.43 ఈదాడు, ఫైనల్లో అదే వచ్చి ఉంటే పతకం మెడలో ఉండేది. చివరి ఐదు మీటర్లలో ఊపిరి తీసుకోకూడదు, ఆఖరి బార చెయ్యి వేళ్లదాకా చాచి గోడను తాకాలి. గోడ వస్తుందిలే అని జారుతూ వచ్చేవాడికి నేను పట్టిన వాచ్‌లోనే అరసెకను పోతుంటుంది.

టైమ్ ఎప్పుడు తీయాలన్నది మన దగ్గర పెద్ద విషయం. పోటీ పూల్ నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నిబంధన. రోహిణి కార్తెలో నెల్లూరులో పైకప్పు లేని పూల్, అందులోనూ లోతు తక్కువది, సాయంత్రం నాలుగుకి ఎలా ఉంటుందో మీకు తెలుసు, స్నానానికి కాచిన నీళ్లే. అందులో ఒళ్లు చల్లబడదు, టైమ్ పెరుగుతుంది. దానికితోడు వేసవి సెలవుల జనం. పొద్దున ఆరుకి, లేన్‌లో ఎవరూ లేనప్పుడు తీయండి.

చివరిగా, మీరు అడగలేదు కానీ నెల్లూరు, ప్రకాశం వాళ్లకు ఈ స్పీడ్ లెక్క పూల్‌లో కంటే బయటే ఎక్కువ అవసరం. మైపాడులోనో, కొత్తపట్నంలోనో ఒడ్డు నుంచి లోపలికి లాగే రిప్ ప్రవాహం మామూలుగా సెకనుకు అర మీటరు ఉంటుంది, ఒక్కోసారి రెండు మీటర్లు దాటుతుంది. మీ స్పీడ్ సెకనుకు 0.7 మీటరు, అదీ 25 మీటర్ల వరకే. పాన్ జాన్లేది 2.15, అదీ 46 సెకన్లు. రెండు మీటర్లు దాటిన ప్రవాహానికి ఎదురీది ఒడ్డుకి రావాలనుకోవడం అతని వల్ల కూడా కాదు. లాగుతుంటే ఎదురీదకుండా, తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ లాగుడు పాయ వెడల్పు ఎక్కువ ఉండదు, దాటాక అలలతోపాటు ఒడ్డుకి రావొచ్చు. కండలేరు నుంచి చెన్నై వైపు వెళ్లే కాలువలాంటి లైనింగ్ కాలువల్లో ప్రవాహం కంటే గోడలు ప్రమాదం. పాచి పట్టిన ఏటవాలు సిమెంటు మీద చెయ్యి నిలవదు, ఈత వచ్చినా పైకి ఎక్కలేరు. పూల్‌లో 41 సెకన్లు ఈదుతున్నాడని ఆ ధీమాతో మీవాడిని అక్కడ దిగనివ్వకండి.

పూల్ కొలిచాక, 100 మీటర్లలో రెండు సగాల టైమూ, ఒక్కో లెంగ్త్‌కి ఎన్ని బారలు పడ్డాయో, స్టార్ట్ డైవా గోడా అన్నదీ ఇక్కడే రాయండి. వీలైతే పక్క నుంచి తీసిన ఫోన్ వీడియో ఒకటి పెట్టండి, ఎదురుగా నిలబడి తీసింది వద్దు, నడుము ఎక్కడుందో కనపడదు. అది చూసి వారానికి ఏం చేయించాలో చెప్తాను.